కొట్టాను, కాల్చలేదు

ఆ వీధిలో ఫ్యాను ఆగిపోయినా, మిక్సీ పొగ కక్కినా, నీళ్ళ మోటారు మూలిగి మూలిగి పడుకున్నా అందరూ వెళ్ళేది మోటారక్క దగ్గరికే. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఆమెకి వేరే ఉంది గానీ, అది బ్యాంకువాళ్ళకి తప్ప ఇంకెవరికీ అక్కర్లేకపోయింది. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

ఇంటి ముందుగదే ఆమె కొట్టు. అడుగు పెట్టగానే కాలిన వార్నిష్ వాసన పలకరిస్తుంది. పైన ఇనుపకమ్మీకి రెక్కలూడిన ఫ్యాన్లు తలకిందులుగా వేలాడుతుంటాయి. గోడవార పొట్ట విప్పిన మోటార్లు, డాక్టరు కోసం కాచుకున్న రోగుల్లా వరసగా కూర్చుని ఉంటాయి. మధ్యలో పీట వేసుకుని, ఒళ్ళో గోనెపట్టా పరుచుకుని ఆమె రాగితీగ చుడుతూ ఉంటుంది. మోటారు కాలిపోయిందంటే లోపలి తీగ కాలిపోయిందని అర్థం. ఆ పాత తీగంతా పీకి పారేసి, కొత్త తీగని అదే వరసలో, అంతే బిగువుగా చుట్టి కూర్చోబెట్టాలి. ఎక్కడ వదులైనా మళ్ళీ కాలుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి, లోపలికి తొంగి చూసి, "మగవాళ్ళెవరూ లేరా?" అంటారు.

"ఎందుకూ?" అంటుంది తలెత్తకుండా.

"మోటారు చూపించాలి."

"మీసాలున్నవాళ్ళు చెయ్యి వేస్తేనే తిరుగుతానందా అది?"

నవ్వినవాళ్ళ పని ఒప్పుకుంటుంది. మొహం మాడ్చుకున్నవాళ్ళకి పక్కవీధిలో ఇంకో కొట్టుందని దారి చూపిస్తుంది.

ఈ పని తండ్రి దగ్గర నేర్చుకుంది. ఆయన చేతిలో బాగుపడని మోటారు లేదనేవారు. ఆయన చేతిలో దెబ్బ తినని పిల్ల కూడా లేదు. తీగ కాస్త వదులైతే చాలు, తీగచుట్టల్ని సర్దే చెక్కసుత్తి వేళ్ళ మీద పడేది. ఆమె కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ పక్కకి వంగి ఉంటుంది. పెళ్ళయ్యాక మొగుడు కొట్టలేదు, తిట్టలేదు. పని కోసమని ఊరు దాటి వెళ్ళి, అక్కడ ఇంకో కాపురం పెట్టుకున్నాడు, అంతే. ఆ సంగతి తెలిసిన రోజు ఆమె కంట నీటిచుక్క రాలేదని వీధంతా చెప్పుకుంది. నిజానికి ఏడ్చింది. వీధికి వినబడకుండా ఏడ్చింది.

మిగిలింది కూతురు. ఒకచోట కాలు నిలవదు, చేతికేది దొరికితే అది నోట్లో పెట్టుకుని కొరుకుతుంది, అందుకని ఉడత అనేవాళ్ళు. ఏడేళ్ళది. ముందుపళ్ళు రెండూ ఊడి, మాట్లాడితే గాలి వచ్చేది. బడి నుంచి రాగానే సంచి విసిరేసి తల్లి పక్కన చతికిలబడేది. తీగ చివర పట్టుకోవడం దాని సరదా.

ఆ రోజు పొద్దున్నే బడికి తయారవుతూ ఉడత వార్నిష్ డబ్బా తన్నేసింది. కొత్త డబ్బా. నేలంతా పారి, ఆరబెట్టిన చుట్టల కిందికి పోయింది. అపార్టుమెంటువాళ్ళ నీళ్ళ మోటారు సాయంత్రానికల్లా ఇవ్వాలి, వాళ్ళ వాచ్‌మన్ అప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. మోటారక్క లేచింది, పిల్ల వీపు మీద రెండు వేసింది. గట్టిగానే వేసింది. ఉడత ఏడుస్తూ బడికి పోయింది.

సాయంత్రం ఇద్దరూ రాజీపడ్డారు. ఉడత పొద్దుటి సంగతి మరిచిపోయినట్టే పక్కన కూర్చుంది. బల్ల మీద చోటు లేక, మోటారక్క తీగ కొసలు అతికే సోల్డరింగ్ ఐరన్‌ని దాని స్టాండుతో సహా నేల మీద పెట్టింది. తీగ ఉండ దొర్లిపోతుంటే పట్టుకుందామని పిల్ల చెయ్యి చాచింది. మోచేతి కింద, వేలెడు పొడుగున చర్మం చుర్రుమంది.

చన్నీళ్ళ కింద పట్టింది, మందు రాసింది, ఒళ్ళో వేసుకుని ఊపింది. ఇంతవరకూ ఏ తల్లయినా చేసేదే. ఆ తర్వాత ఒక మాటంది. "బళ్ళో ఎవరికీ చెప్పకే. నీచేత పని చేయిస్తున్నానంటారు."

మర్నాడు టీచరు మచ్చ చూసింది. ఉడతని పక్కకి పిలిచి అడిగింది. అమ్మ కొట్టిందా? కొట్టింది. ఇది ఎలా కాలింది? అమ్మ చెప్పొద్దంది. ఈ రెండు జవాబుల్నీ పక్కపక్కన పెడితే ఎవరికైనా ఏమనిపిస్తుంది? టీచరుకీ అదే అనిపించింది. పిల్లల సంరక్షణ ఆఫీసుకి ఫోన్ చేసింది. సాయంత్రం మోటారక్క గుమ్మంలో నిలబడి ఎదురు చూస్తుంటే, ఉడత బదులు ఒక అధికారి వచ్చాడు. తల్లి వల్ల పిల్లకి ప్రమాదం ఉందో లేదో అంచనా వేసి, కమిటీ నిర్ణయించేదాకా పిల్ల బాలల సదనంలో ఉంటుందని చెప్పాడు.

"నా పిల్లకి నా వల్ల ప్రమాదమా?" అంది మోటారక్క.

"అదేనమ్మా చూడాలి," అన్నాడు ఆయన. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఆమెకి కాస్త సులువుగా ఉండేది.

*

ఆమె అక్క మొగుడు కోర్టు గేటు పక్కన బల్ల వేసుకుని అర్జీలు టైపు చేస్తాడు. నల్లకోటు లేదన్నమాటే గానీ, తను చూడని కేసు లేదని నమ్మకం. విషయం తెలియగానే మరదల్ని ఇంటికి పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం మొదలుపెట్టాడు.

"అడిగేవాళ్ళకి ఏం కావాలో అది చెప్పాలి మరదలా. నోటికేదొస్తే అది అనడానికి అది నీ కొట్టు కాదు."

"కోపం వస్తుందా అనడిగితే?"

"రాదు."

"ఎప్పుడూ?"

"పుట్టిన దగ్గర్నుంచీ రాలేదు."

"నువ్వు ఎదురుగా ఉండగా కూడానా బావా?"

వంటగదిలోంచి అక్క నవ్వింది. "అది మాత్రం ఎవరూ నమ్మరు," అంది.

"మీరిద్దరూ నవ్వండి. పిల్లని ఇంటికి తేవాలా వద్దా? మీ నాన్న సంగతి అడుగుతారు. దేవుడిలాంటి మనిషి అను. పిల్ల విసిగిస్తుందా అంటారు. బంగారం అను."

మోటారక్క వంగిన వేలు వైపు చూసుకుంది. జన్మలో ఎవరి మాటా విననిది, ఆ ఒక్కసారికి బావ మాట విందామనుకుంది. పిల్ల లేని ఇంట్లో నోటికి తాళం పడింది.

అంచనా వేసే కౌన్సిలరు చిన్నగదిలో కూర్చుంది. గుండ్రటి కళ్ళజోడు, విడవని జలుబు, చేతిలో రుమాలు. ఒక్కొక్క వాక్యం చదివి, ఒప్పుకుంటారో ఒప్పుకోరో చెప్పమంది. నాకు ఎవరి మీదా ఎప్పుడూ విసుగు రాలేదు. ఒప్పుకుంటాను. నేను ఇచ్చిన మాట ఏనాడూ తప్పలేదు. ఒప్పుకుంటాను. పిల్లలు చెప్పిన మాట వినకపోతే నాకు చిరాకు. లేదండీ, అస్సలు లేదు. చిన్నప్పుడు నన్ను పెద్దవాళ్ళు గట్టిగా కొట్టేవారు. లేదండీ, దేవుడిలాంటి మనిషి. అలా మోటారక్క నోట్లోంచి ఎవరో నోట్లో నాలుకలేని ఇల్లాలు మాట్లాడింది. బయటికొచ్చాక బావ భుజం తట్టాడు. ఆమెకి ఒళ్ళంతా వేరేవాళ్ళ బట్టలు తొడుక్కున్నట్టుంది.

వారం తిరక్కుండా కౌన్సిలరు మళ్ళీ పిలిచింది. "మీ జవాబులు పనికి రావండీ," అంది.

"తప్పులు చెప్పానా?"

"ఒక్క తప్పూ లేదు. అదే ఇబ్బంది. మధ్యమధ్యలో కొన్ని వాక్యాలు వేరే పనికి పెడతారు. జన్మలో విసుగు రాలేదు, మాట తప్పలేదు, ఇలాంటివి. ఏ మనిషయినా వాటిలో కొన్నింటికైనా కాదనాలి. అన్నిటికీ ఔనంటే, మంచిగా కనబడాలని చెబుతున్నారని లెక్క. అప్పుడు మిగతావీ నమ్మలేం."

"అంటే ఫెయిలా?"

"కాదు. అసలు పరీక్షే రాయనట్టు." కౌన్సిలరు ముక్కు తుడుచుకుని అడిగింది. "మీకు ఎవరైనా నేర్పారా?"

మోటారక్కకి తల తీసేసినట్టయింది. అబద్ధం దొరికినందుకు కాదు, అది తనది కాని అబద్ధమైనందుకు.

బయట బావ కాచుకుని ఉన్నాడు. సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. "నూటికి తొంభై తెచ్చుకోవాలి గానీ నూరూ తెచ్చుకుంటారా ఎవరైనా?"

"నువ్వే కదా అన్నిటికీ రాదు, లేదు అనమన్నావు."

"అన్నాననుకో. నీ మొహం చూసి నీకు కోపం రాదంటే ఎవరు నమ్ముతారు? ఈసారి మధ్యలో రెండుమూడు తప్పులు ఒప్పుకో. చిన్నచిన్నవి. ఏవి ఒప్పుకోవాలో నే చెబుతా."

"బావా," అంది మోటారక్క. "ఈసారి నువ్వు రాకు."

*

రెండోసారి ఒక్కతే వెళ్ళింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతులు రెండూ బల్ల మీద పెట్టింది.

"నా పిల్ల ఒక్కోసారి కావాలనే నన్ను విసిగిస్తుంది," కౌన్సిలరు చదివింది.

"ఔను. కావాలనే. మీ పిల్లలు విసిగించరా మేడమ్?"

"నా సంగతి కాదండీ ఇది."

"సరే, నాదే రాసుకోండి."

"ఒక్కోసారి ఇల్లు వదిలి ఎటైనా పోవాలనిపిస్తుంది."

"మా ఆయనకి ముందు అనిపించింది. లేకపోతే నేనే పోయేదాన్నేమో. ఔనని రాయండి."

కౌన్సిలరు పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో, తుమ్ము ఆపుకోవడానికో తెలియలేదు. "చిన్నప్పుడు నన్ను పెద్దవాళ్ళు గట్టిగా కొట్టేవారు."

మోటారక్క చెయ్యి తిప్పి, వంగిన వేలు చూపించింది. "ఔను. ఇక్కడ ఒక మాట చెప్పనివ్వండి. దీనికి ఔనంటే నా ఖాతాలో చెడ్డ మార్కు పడుతుంది కదూ?"

"ప్రమాదం లెక్కలోకి వస్తుంది, ఔను."

"కొట్టింది ఆయన, తిన్నది నేను, మార్కులు కూడా నాకేనా? ఆయన మీద ఎవరూ కాగితాలు పట్టుకుని రాలేదే. చుట్టుపక్కలవాళ్ళు, పిల్లకి పని వంటబడుతోంది అన్నారు. అప్పుడు నన్ను తీసుకెళ్ళి ఎక్కడైనా పెట్టలేకపోయారా మీరంతా? ఇప్పుడొచ్చి, దెబ్బలు తిన్నావు కాబట్టి నువ్వూ కొడతావు అంటున్నారు."

గది తలుపు బయట ఎవరో నడుస్తూ ఆగారు. కౌన్సిలరు పెన్ను పక్కన పెట్టింది. తడబడలేదు, చిన్నబుచ్చుకోలేదు. "కొడతారు అనట్లేదండీ. దెబ్బలు తిన్నవాళ్ళలో చాలామంది కొట్టరు. కానీ చెయ్యి ముందు లేచేది ఎవరికో తెలిస్తే, వాళ్ళకి తోడుగా ఉండచ్చు. మిమ్మల్ని అప్పుడు ఎవరూ అడగలేదు. అది తప్పే. అందుకే మీ పాప విషయంలో అడుగుతున్నాం."

మోటారక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. "తర్వాతది చదవండి," అంది.

అన్నీ అయ్యాక కౌన్సిలరు వాక్యాల్లో లేనిదొకటి అడిగింది. ఆ రోజు వార్నిష్ పారబోసినప్పుడు, చెయ్యి లేవకముందు ఒంట్లో ఎక్కడైనా ఏమైనా తెలిసిందా అని. మోటారక్క ఆలోచించింది. ఆ ప్రశ్న ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "చెవులు," అంది చివరికి. "చెవులు వేడెక్కుతాయి."

"అయితే అప్పుడే గదిలోంచి బయటికి రావాలి. పాపకి చెప్పి రావాలి, చెప్పకుండా కాదు. చెప్పకుండా పోతే పిల్లలు వదిలేశామనుకుంటారు."

తర్వాత ఇల్లు చూడ్డానికొచ్చింది. ఐరన్ ఎక్కడ పెట్టిందో, పిల్ల ఎక్కడ కూర్చుందో అడిగింది. కొట్టుకీ ఇంటికీ మధ్య నడుమెత్తున ఒక తలుపు ఉంటే బాగుంటుందంది. మోటారక్క ఆ సాయంత్రమే వడ్రంగిని పిలిచింది. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి కౌన్సిలరు నాన్చకుండా చెప్పింది. "మీ మార్కు ప్రమాదం గీత దాటింది. కమిటీకి అలాగే ఇస్తాను, మార్చను. కానీ మార్కు ఒక్కటే చూడరు. నిఘాతో పిల్లని తల్లికి ఇవ్వచ్చని నా అభిప్రాయం. అదీ రాస్తాను."

"మొదటిసారి నూరు తెచ్చుకుంటే పనికిరాదన్నారు. ఇప్పుడు నిజం చెబితే గీత దాటానంటున్నారు."

"ఔనండీ," అంది కౌన్సిలరు. "రెండోదే నయం."

*

కమిటీలో ముగ్గురు. మధ్యలో కూర్చున్నాయన ఒకప్పుడు హెడ్మాస్టరు, అందరూ మాస్టారనే పిలుస్తారు. ఆయనకి కుడిపక్కన ఒక లాయరమ్మ. మూడో ఆయన గంటసేపట్లో నోరు విప్పలేదు. గదిలో కుర్చీలకన్నా బీరువాలు ఎక్కువ. బావ రావద్దన్నా వచ్చి వెనక కూర్చున్నాడు. కౌన్సిలరు కిటికీ పక్కన రుమాలు పట్టుకుని ఉంది.

పక్కగదిలో ఉడత ఉంది. సంచి సర్దుకుని వచ్చిందని సదనం ఆయా చెప్పింది.

మాస్టారు కాగితాలన్నీ తిరగేశారు. పిల్లని తల్లికిద్దామనే ఆయన మనసులోనూ ఉన్నట్టుంది. సిద్ధంగా టైపు చేసి పెట్టిన కాగితమొకటి ముందుకి జరిపారు. "ఇది చదివి సంతకం పెట్టమ్మా. ఇవాళే తీసుకెళ్ళిపోవచ్చు. ఆర్నెల్లు ఈ మేడమ్ వచ్చి చూస్తుంటారు. వారానికోసారి తల్లిదండ్రుల క్లాసుకి వెళ్ళాలి."

మోటారక్క చదివింది. మళ్ళీ చదివింది. నా కుమార్తెను కొట్టి, కాల్చి గాయపరిచినందుకు పశ్చాత్తాపపడుతున్నాను, ఇకపై అలా చేయను అని ఉంది అందులో.

"నేను కాల్చలేదండీ," అంది.

"అందరిచేతా రాయించుకునే కాగితమేనమ్మా అది. పిల్లకి కాలిన మాట నిజమేగా?"

"కాలింది. కాల్చలేదు."

వెనకనుంచి బావ ముందుకి వంగి, చెవి కొరికేలా గుసగుసలాడాడు. "పెట్టెయ్యవే తల్లీ. వేలెడంత కాగితం. బీరువాలో పడి బూజు పడుతుంది. ఎవరు చదువుతారు దాన్ని?"

"అది చదువుతుంది."

"ఏది?"

"ఉడత. ఇవాళ రెండో తరగతి. ఎల్లకాలం రెండులోనే ఉంటుందా?"

మాస్టారికి వినబడింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "పిల్ల ముఖ్యమా, నీ మాట నెగ్గడం ముఖ్యమా అమ్మా? నువ్వు పెట్టకపోతే మేం మళ్ళీ కూర్చునేదాకా పిల్ల సదనంలోనే ఉంటుంది. అది నీ ఇష్టమేనా?"

మోటారక్క గోడ వైపు చూసింది. గోడకవతల కూతురు సంచి పెట్టుకుని కూర్చుంది. పెన్ను చేతికందేంత దూరంలో ఉంది. ఒక్క గీత గీస్తే చాలు, పది నిమిషాల్లో ఆ వేళ్ళు తన వేళ్ళల్లో ఉంటాయి. అది తెలిసి కూడా పెన్ను ముట్టుకోలేదు.

"కొట్టాను," అంది. "వీపు మీద కొట్టాను, గట్టిగా కొట్టాను. తప్పే. ఆ మాట ఎంత పెద్ద అక్షరాలతోనైనా రాయండి, పెడతాను. వేడి ఐరన్ నేల మీద పెట్టాను, అదీ నా తప్పే. ఎవరికీ చెప్పొద్దన్నాను, అంతకన్నా పెద్ద తప్పు. అవన్నీ రాయండి. కాల్చానని మాత్రం పెట్టను. రేపు అది పెద్దదై, చేతి మీద మచ్చ చూసుకుని ఈ కాగితం చదివితే, తల్లే తనని పట్టుకుని కాల్చిందనుకుంటుంది. అలా అనుకుంటూ బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నా వేలు వంచింది ఎవరో నాకు తెలుసు కాబట్టి తెలుసు. లేనిది దాని నెత్తిన పెట్టలేను."

"గీత దాటిన మార్కు పెట్టుకుని ఇంకా బేరమా?" అన్నారు మాస్టారు.

కౌన్సిలరు లేచింది. "ఈసారి జవాబులు నమ్మదగ్గవని కూడా రాశానండీ. ఆ వాక్యం మార్కు కిందే ఉంది."

లాయరమ్మ ఆ పేజీ తీసి చూసింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి మాట్లాడుకున్నారు. డాక్టరు అభిప్రాయం తెప్పించాలని, పాపని మళ్ళీ విడిగా అడగాలని, రెండు వారాల తర్వాత కూర్చుందామని తేల్చారు. బావ కుర్చీలోనే కూలబడ్డాడు.

*

ఉడతకి సంగతి తనే చెబుతానంది మోటారక్క. ఆయా వద్దనలేదు.

పిల్ల సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు వేసుకుని నిలబడే ఉంది. "పదమ్మా," అంది చూడగానే.

"ఇవాళ కాదే." మోటారక్క కింద కూర్చుంది, పిల్ల మొహానికి తన మొహం ఎదురుగా వచ్చేట్టు. "ఒక సంతకం పెట్టుంటే ఇవాళే వచ్చేదానివి. నేను పెట్టలేదు. అందులో అబద్ధం ఉంది. ఇంకా రెండు వారాలు."

ఉడతకి అబద్ధాల సంగతి అక్కర్లేదు. పెట్టలేదు అన్న మాట ఒక్కటే వినబడింది. సంచి తీసి తల్లి మొహాన కొట్టింది. కొత్త పలక అంచు కనుబొమ్మ మీద తగిలింది. తర్వాత పిడికిళ్ళు. "నువ్వు చెడ్డదానివి, నిన్ను ఇంట్లోకి రానివ్వను, నేనే పెట్టేస్తా సంతకం," అని అరుస్తూ గుద్దింది. ఆయా పరిగెత్తుకొచ్చింది.

మోటారక్క చెవులు వేడెక్కాయి. చెయ్యి ఒళ్ళోంచి కదలడం ఆమెకే తెలిసింది. తన చేతిని తనే ఎవరిదో పరాయి చేతిని చూసినట్టు చూసింది.

"ఉడతా, నాకు కోపం వస్తోంది," అంది పైకి, గదంతా వినబడేలా. "బయట గోడ దగ్గర నిలబడతాను. పారిపోవట్లేదు. తగ్గగానే వస్తాను."

ఆయా నోరు తెరుచుకుని చూసింది. అక్కడికొచ్చే తల్లులు ఏడుస్తారు, బతిమాలుతారు, ముద్దులు పెడతారు. కోపం వస్తోందని కేకేసి చెప్పిన తల్లిని ఆమె చూడలేదు.

బయట గోడకి నుదురు ఆనించి నిలబడింది. సున్నం చల్లగా ఉంది. లోపల ఏడుపు పెద్దదై, చిన్నదై, ఎక్కిళ్ళలోకి దిగింది. అప్పుడు లోపలికెళ్ళింది.

"పోయావనుకున్నా," అంది ఉడత.

"చెప్పే కదే వెళ్ళాను."

"అయినా అనుకున్నా." ముక్కు తుడుచుకుని తల్లి కనుబొమ్మ వంక చూసింది. "నెప్పా?"

"నెప్పే. పలకతో కొడితే నెప్పి కాదా?"

పిల్ల ఆలోచించింది. "నువ్వు కొట్టినప్పుడూ నెప్పే," అంది.

మోటారక్క ఔనంది.

*

రెండు వారాల తర్వాత డాక్టరు రాసిచ్చింది అటూ ఇటూ కాకుండా ఉంది. కాలిన గాయమే, ఎలా కాలిందో మచ్చని బట్టి చెప్పలేమన్నారు. ఈసారి ఉడతతో లాయరమ్మే కూర్చుంది. కౌన్సిలరు ఒకటే సలహా ఇచ్చింది, పొద్దున జరిగింది ఒకసారి, సాయంత్రం జరిగింది ఒకసారి అడగమని. పొద్దున ఏం జరిగిందంటే వార్నిష్, దెబ్బలు. సాయంత్రం ఏం జరిగిందంటే తీగ ఉండ దొర్లడం, తను చెయ్యి చాచడం, అమ్మ తనకన్నా గట్టిగా అరవడం. "అమ్మ ఎందుకు అరిచింది?" అని అడిగితే, "అమ్మకే కాలినట్టు అరిచింది," అందట ఉడత. బడిలో ఒక్క ముడిగా పడ్డవి అక్కడ రెండుగా విడిపోయాయి.

మాస్టారు పాత కాగితం పక్కన పడేసి, గుమాస్తాకి కొత్తది చెప్పి రాయించారు. కొట్టడం తప్పని ఒప్పుకుంటున్నాను. వేడి వస్తువుని పిల్లకి అందేలా ఉంచడం, ఎవరికీ చెప్పవద్దనడం తప్పని ఒప్పుకుంటున్నాను. మోటారక్క ప్రతి మాటా చదివింది. బావ వెనకనుంచి, ఇంతకన్నా బాగా తను టైపు చేసేవాణ్ణని గొణిగాడు. ఆమె సంతకం పెట్టింది.

"మొండిదానివమ్మా," అన్నారు మాస్టారు.

"ఔనండీ. అది కూడా రాయమంటారా?"

ఉడత ఇంటికొచ్చింది. నడుమెత్తు తలుపు మీద గడ్డం ఆనించి కొట్టులోకి చూస్తూ, లోపలికి రానివ్వమని రోజూ పేచీ పెట్టింది. క్లాసులో మోటారక్క మిగతా తల్లిదండ్రులతో కలిసి కుర్చీలో కూర్చుని, నచ్చని మాటకి చెయ్యెత్తి వాదించింది, నచ్చిన మాటని మాట్లాడకుండా ఇంటికి తెచ్చుకుంది. వార్నిష్ డబ్బా మళ్ళీ పారింది. ఆ రోజు ఆమె వీధిలోకొచ్చి నిలబడింది, వచ్చేపోయేవాళ్ళు ఏమైందని అడుగుతుంటే, "కోపం తగ్గించుకుంటున్నా, పోండి," అంది.

కౌన్సిలరు చెప్పకుండా వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు వీధి చూసింది. మూడోసారికి వీధి గుసగుసలాడింది. ఎదురింటి ఇస్త్రీ పిన్ని పెట్టె చేతిలోనే పట్టుకుని, నీళ్ళకెళ్ళే ఇద్దరితో ఏదో అంటోంది. మోటారక్క గుమ్మంలోకొచ్చి నిలబడింది.

"పిన్నీ, చెవులు కొరుక్కోడం ఎందుకు? నన్నడగచ్చుగా."

"ఏం లేదే, ఎవరో చుట్టాలొచ్చారా అని."

"చుట్టాలు కాదు. నేను పిల్లని కొడతానేమోనని చూడ్డానికొస్తారు. ఒకసారి కొట్టాను. అందుకొస్తారు. ఆర్నెల్లు వస్తారు." గొంతు వీధి చివరిదాకా వెళ్ళింది. "చిన్నప్పుడు మా నాన్న సుత్తి పట్టుకున్నప్పుడు ఈ వీధిలోకి ఒక్కరైనా రాలేదు. వస్తే బాగుండేది. నా పిల్లకి వస్తున్నారు. ఇందులో నాకు సిగ్గేం లేదు. మీలో ఎవరికైనా కావాలంటే చెప్పండి, మీ ఇంటికీ పంపిస్తా."

ఇస్త్రీ పిన్ని పెట్టె కింద పెట్టి, చొక్కా మడత పెట్టింది. నీళ్ళకెళ్ళేవాళ్ళకి నీళ్ళు గుర్తొచ్చాయి.

కౌన్సిలరు గుమ్మం మీదే ఆగిపోయింది, మొహం ఎర్రబడి. "ఇంత పైకి చెప్పక్కర్లేదండీ," అంది మెల్లగా.

"మీకు అక్కర్లేదేమో మేడమ్," అంది మోటారక్క, ఆమెకి దారిస్తూ. "లోపలికి రండి. ఏం చూడాలో చూసుకోండి."